నడుమెత్తు మళ్లు

3 మార్చి 2019, ఆదివారం, సాయంత్రం

ఈ రోజు ప్రార్థన గదిలో గంటా పది నిమిషాలు ప్రసంగించాను. కోనేటి గట్టున ముప్పై ఎనిమిదేళ్లు పడి ఉన్న రోగి గురించి. పరుపెత్తుకుని నడవమని ప్రభువు అన్న మాట దగ్గర బల్ల గుద్దాను. నీళ్ల గ్లాసు కింద పడి పగిలింది. పంతొమ్మిది మందీ ఉలిక్కిపడ్డారు. ఎమ్మా బామ్మ కూడా నిద్ర లేచింది.

ఇంటికొచ్చాను. రోజా గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

నవంబర్‌లో పంపు దగ్గర మంచు మీద జారి పడింది. తుంటి విరిగింది. ప్లేట్ వేశారు. ఎముక అతుక్కుంది, ఎక్స్‌రే బాగుంది, ఇక నడవాల్సిందే అని డాక్టర్ ఫిబ్రవరి మొదట్లోనే చెప్పాడు. వాకర్ తెచ్చి మంచం పక్కన పెట్టాను. గది దాటదు. ఇప్పుడు దాని మీద నా తువ్వాలు ఆరేసుకుంటున్నాను.

ఊరంతటినీ లేపే గొంతు నాది. భార్యను లేపలేకపోతున్నాను. ఇది ఎవరికీ చెప్పుకునేది కాదు. అందుకే ప్రసంగాల నోట్‌బుక్ వెనక పేజీల్లో రాస్తున్నాను.

5 మార్చి

పెరటికి నీళ్ల వంతు మనకే వస్తోంది, లే అన్నాను. ఏటా మార్చిలో పెరళ్లను నీళ్లతో నింపి, చలికాలమంతా పైకి తేలిన చౌడును కడిగేస్తాం. కడిగాక రోజా చిటికెడు మట్టి నాలుక మీద పెట్టుకుని, ఉమ్మేసి, ఇంకో తడి కావాలో చాలో చెప్పేది. వరి ఫారంలో ఇరవై ఆరేళ్లు తన బ్రిగేడ్‌కి, పనివాళ్ల జట్టుకి, ఆమె నాలుకే కొలత. ల్యాబ్ కాగితం వారానికి వచ్చేది. అందులో ఉన్నది రోజా వారం ముందే చెప్పి ఉండేది.

ఆమె గోడతోనే మాట్లాడింది.

"నేలకి వంగలేను గెనా. నేలతో నా పని అయిపోయింది."

బైబిల్ వాక్యం ఒకటి అందుకున్నాను. కళ్లు మూసుకుంది.

6 మార్చి

వంతు పోయింది. నీళ్లు పెట్టలేదు.

7 మార్చి, ఉదయం 6

లోయలన్నీ పైకి లేస్తాయంటాడు ప్రవక్త. వందసార్లు చదివాను. వందసార్లు అరిచాను. ఈ ఉదయం ఆ మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. ఆమె నేలకు వంగలేకపోతే నేలే ఆమె దగ్గరకు లేవాలి.

మళ్లు. నడుమెత్తు మళ్లు. ఆమె స్టూలు మీద కూర్చుంటే మోచేతులు ఆనేంత ఎత్తు. అడుగున చెక్క, చెక్క కింద ఇటుకల కాళ్లు. నేలలోని చౌడు వాటిని ముట్టుకోలేదు. లోయలు లేపుతానన్నవాడికి మూడు మళ్లు ఒక లెక్కా!

9 మార్చి

కొలత కావాలి. రోజా మంచం అంచున కూర్చుని టీ తాగుతుంటే వెనక నుంచి తాడు పట్టుకుని వెళ్లాను. నేల నుంచి మోచేయి దాకా కొలిచి ముడి వేస్తుండగా చూసింది.

"పెట్టెకి కొలతలా? ఇంకా ఊపిరి తీస్తూనే ఉన్నాను."

నాలుగు నెలల్లో ఆమె నోట వచ్చిన మొదటి వెటకారం. బయటికి వచ్చి షెడ్డులో మోకరించాను.

12 మార్చి

చెక్క దొరికింది. ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాక ప్రార్థన గది పాత బెంచీలు షెడ్డులో ఎలుకల ప్రసంగం వింటున్నాయి. ఆరు ఉన్నాయి. గట్టి పైన్ చెక్క. సంఘాన్ని అడిగాను. ఎవరూ కాదనలేదు. ఎమ్మా మిల్లర్ మాత్రం వచ్చి చూస్తానంది. ఎనభై నాలుగేళ్ల జర్మన్ బామ్మ. మూడో బెంచీ వీపు చెక్కను చేత్తో తడిమి, ఈ చోట తాను నలభై ఏళ్లు కునుకు తీశానని, ఇక ముల్లంగిని కునుకు తీయనివ్వమని చెప్పి వెళ్లింది.

ఆ నలభై ఏళ్లలో ఇరవై రెండేళ్లు నా ప్రసంగాలకే.

16 మార్చి

మొదటి మడి అయింది. పొడవు రెండు మీటర్లు, వెడల్పు రెండు వైపుల నుంచీ రోజా చేయి అందినంత. లోతు రెండు జానలు. అడుగు చెక్కలకు నీళ్లు పోవడానికి చిల్లులు. ఆ చిల్లుల మీద పాత గోనె.

17 మార్చి, ఆదివారం

తెల్లారేసరికి మడి ఒక పక్కకి ఒరిగి ఉంది. ఇసుక మీద ఇల్లు కట్టినవాడి ఉపమానం ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. ఇటుకల కింద కంకర వేయాలని నాకు తట్టలేదు. ఈ రోజు ప్రసంగంలో ఆ ఉపమానం జోలికి పోలేదు.

22 మార్చి, నౌరిజ్, వసంత పండగ

పక్కింటి కుల్పాష్ అపా పండగ గంజి కుండ తెచ్చింది. నాకంటే మూడేళ్లు పెద్ద, అందుకే అపా, అంటే అక్క. ఫారంలో రోజా బ్రిగేడ్‌కి నాయకురాలు. భర్త పోయాక ఒక ఆవుతో, ఒక అద్దాల వరండాతో ఉంటోంది. గోడ మీద నుంచి నా ప్రసంగాల ప్రాక్టీసంతా ఆమెకు వినపడుతుంది.

"మీ దేవుడికి చెవులు బాగానే పనిచేస్తాయి కదయ్యా గెనా. మరి ఎందుకలా అరుస్తావు? నా ఆవు పాలు ఎగచేపుతోంది."

తర్వాత అపా రోజా గదిలో తలుపేసుకుని గంట కూర్చుంది. వెళ్లేటప్పుడు చిన్న గిన్నె ఒకటి శాలువా కింద రెండు చేతులా పట్టుకుని, గుడ్లు మోస్తున్నట్టు నడిచింది. గంజి కుండ మరిచిపోయింది.

30 మార్చి

మూడూ నిలబడ్డాయి. కంకర మీద, ఇటుకల మీద, తాడు ముడికి సరిగ్గా సమానంగా. ఇక నింపాలి. అడుగున రెల్లు కట్టలు. దాని మీద ఎండు కొమ్మలు, వరి ఊక. ఆపైన అపా వాళ్ల ఖాళీ పడిన గొర్రెల దొడ్డి నుంచి మూడేళ్లు మాగిన ఎరువు. చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను, అంజూరానికి ఇంకొక్క ఏడాది గడువివ్వండని వేడుకున్న తోటమాలి గుర్తొచ్చాడు. గంప మోసిన ప్రతిసారీ అదే అడిగాను. ఒక్క ఏడాది.

రోజా కిటికీ తెర కొంచెం పక్కకి జరిగి ఉంది. నేను చూసేసరికి మూసుకుంది.

2 ఏప్రిల్

పైపొరకి ఒండ్రు. ఏడో కాలువ ఒండ్రు. ముప్పై ఏళ్లు ఎక్స్‌కవేటర్ మీద కూర్చుని నేనే తవ్విన కాలువ అది. నది నీళ్లు మోసే కాలువ. ఆ ఒండ్రు వేస్తే రాయి కూడా మొలకెత్తుతుంది. ఫారం డ్రైవర్‌ని బతిమాలి రెండు ట్రాలీలు తోడించాను. అతను క్యాబిన్‌లోంచి ఏదో అరిచాడు. ఇంజిన్ మోతలో వినపడలేదు. పోయ్, పోయ్ అని చేయి ఊపాను.

నల్లటి మట్టి, వెన్నలా. రోజాకి ఒక చిటికెడు చూపించాలా అనుకున్నాను. నా కాలువ గురించి నేను ఒకరిని అడిగేదేముంది?

7 ఏప్రిల్, ఆదివారం

విత్తువాడి గురించి ప్రసంగం. రాతినేల, ముళ్ల నేల అయ్యాక మంచి నేల దగ్గరకొచ్చి, మీ హృదయం ఏడో కాలువ ఒండ్రులా ఉండాలి అని గర్జించాను. నాలుగైదు వైపుల నుంచి దగ్గు వినపడింది. ఎమ్మా బామ్మ చేయి కూడా ఎత్తింది. ప్రసంగం మధ్యలో చేతులెత్తేది ఏమిటని ఇంకా గొంతు పెంచాను.

10 ఏప్రిల్

చేశాను. చేయాల్సిందే అనిపించింది.

అల్మరాలో టీ డబ్బా ఉంది. అందులో రోజా తల్లి మిరప. అన్నా తెన్, మా అత్తగారు. 1937లో ప్రభుత్వం కొరియన్లందరినీ బలవంతంగా రైలెక్కించి ఇక్కడ దింపినప్పుడు ఆమెకు పదకొండేళ్లు. లంగా అంచులో గింజలు కుట్టుకుని వచ్చింది. అప్పటి నుంచి ఒక్క ఏడాది తప్పలేదు. కిందటేడు చౌడు కొట్టి రెండే మొక్కలు మిగిలాయి. కాయలు కోసి ఎండబెట్టి రోజా గింజలు లెక్కపెట్టింది. నలభై ఒకటి. నెల తిరక్కుండా పడిపోయింది.

డబ్బా తీసి అన్నీ విత్తేశాను. ఒక్కటీ దాచలేదు. వాక్యంలో విత్తేవాడు దాచుకోలేదు. మొలక లేస్తే తెర తీసి చూపిస్తాను. అది చూసి ఆమె లేస్తుంది. ఇక నా దగ్గర వేరే ఉపాయం లేదు.

పైన పాలిథిన్ కప్పాను. నీళ్లు చల్లాను.

15 ఏప్రిల్

మొలక లేదు. బాగా ఎండ. మళ్లీ నీళ్లు.

18 ఏప్రిల్

మొలక లేదు. గాలి తగలాలని పాలిథిన్ తీసేశాను.

19 ఏప్రిల్

మట్టి మీద తెల్లటి పొడి. బెంచీల పాత సున్నం రాలిందేమో.

20 ఏప్రిల్, మధ్యాహ్నం

సున్నం కాదు.

అపా పాలు తెచ్చి గేటు దగ్గర ఆగిపోయింది. తిన్నగా మడి దగ్గరకు వెళ్లి వేలు తడి చేసుకుని మట్టికి అద్ది నాలుక మీద పెట్టుకుంది. వెంటనే ఉమ్మింది. రెండోసారి కూడా ఉమ్మింది.

ఎక్కడిదని అడిగింది. చెప్పాను. ఏడో కాలువను మురుగు కాలువ చేసి మూడేళ్లయిందట. నది నీళ్లు దాంట్లోకి రావట. పొలాలు కడిగిన ఉప్పు నీళ్లన్నీ అందులోకే పోతాయట. ఊరందరికీ తెలుసట. క్లబ్బులో మీటింగ్ పెట్టి చెప్పారట, నేనూ ఉన్నానట.

వినలేదన్నాను.

"ఎలా వింటావు? వాళ్లు చెబుతున్నంతసేపూ నువ్వే మాట్లాడుతున్నావు. వోడ్కా మానమని."

గుర్తొచ్చింది. బాగా మాట్లాడానని కూడా గుర్తొచ్చింది.

గింజల సంగతి అపాకి చెప్పలేదు. ఆమె వెళ్లాక వేళ్లతో మట్టి కెలికాను. ఏడు దొరికాయి. ముడుచుకుపోయి, గోధుమ రంగులో. నేను విత్తువాడి ఉపమానం చెబుతూ ఉప్పులో విత్తాను. ఉప్పు స్తంభమైన లోతు భార్యలా అక్కడే నిలబడిపోయాను, ఎంతసేపో తెలియదు.

ఎనభై రెండేళ్లు. రైలు పెట్టె, ఆకలి, యుద్ధం, అన్నీ దాటి వచ్చిన గింజ. దాన్ని చంపింది నా నోరు.

21 ఏప్రిల్, ఆదివారం

గొంతు నొప్పి అని చెప్పి వాక్యం మాత్రం చదివించాను. గొంతు బాగానే ఉంది.

22 ఏప్రిల్

చెప్పలేదు. సూప్ చేశాను. తిన్నావా అని ఆమే అడిగింది.

23 ఏప్రిల్, మంగళవారం

అంతా రాసుకోవాలి. ఒక్కటి కూడా మరిచిపోకూడదు.

పొద్దున్నే మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. ఆమె గోడవైపే ఉంది. వీపుతో చెప్పడం తేలిక. మళ్లు కట్టిన సంగతి, ఒండ్రు సంగతి, డబ్బా సంగతి. ఒక్క వాక్యం కూడా వాడలేదు. నలభై ఒకటీ పోయాయి రోజా, నేనే పోగొట్టాను అన్నాను.

వీపు కదల్లేదు. తర్వాత ఆమె మెల్లగా ఇటు తిరిగింది. ఎంత కాలమైందో ఆ మొహం ఎదురుగా చూసి.

ఏ కాలువ ఒండ్రు అని మళ్లీ అడిగింది. ఏడో కాలువ అన్నాను. ఎవరి నాలుక మీద పెట్టావు అంది. ఎవరి నాలుకా కాదన్నాను.

"వాకర్ మీద నీ తువ్వాలు తీయి."

తీశాను. లేచింది. పట్టుకోబోతే చేయి విదిలించింది. గది గుమ్మం, వంటగది, మెట్టు. ఒక్క మెట్టే మా ఇంటికి. దాని దగ్గర ఆగి దాన్ని బాగా తిట్టి దిగింది. ముప్పై నాలుగు అడుగులు. నేను వెనకే చేతులు చాపి, కింద పడబోయే కుండ వెనక నడిచినట్టు నడిచాను. కోపం నడిపిస్తోంది ఆమెను. నా ప్రసంగాలన్నీ కలిపి ఆ ముప్పై నాలుగు అడుగులు వేయించలేకపోయాయి.

మడి అంచున మోచేయి ఆనించింది. సరిగ్గా ఆనింది. చిటికెడు తీసి నాలుక మీద పెట్టుకుంది. ఉమ్మింది. దీంట్లో వరి కాదు కదా రెల్లు కూడా రాదంది. తర్వాత చెక్కను చేత్తో రుద్ది, ఇది ఎమ్మా బెంచీ కదా అంది. అవునన్నాను.

అప్పుడడిగింది, ఏ డబ్బాలోవి వేశావని. టీ డబ్బా, పై అర అన్నాను.

నవ్వింది. ముందు ముక్కుతో, తర్వాత భుజాలతో. తుంటి నొప్పెట్టి చేత్తో పట్టుకుని మళ్లీ నవ్వింది. ఆ డబ్బాలో ఉన్నవి బజారు మిరప గింజలట. తల్లి గింజలు ఆమె ఫిబ్రవరి ఆఖరునే అపా చేత తీయించి, డబ్బా ఖాళీగా కనపడకుండా ఇవి పోయించిందట. తడి గుడ్డలో మూటకట్టి స్వెట్టర్ లోపల పొట్టకి ఆనించుకుని పడుకుందట. రైలు దిగిన ఏడాది వాళ్లమ్మ అలాగే మొలకెత్తించిందట. గోడవైపు తిరిగింది నా మీద అలిగి కాదట. మూట నలగకుండా ఉండాలంటే విరగని వైపు మీదే పడుకోవాలట, ఆ వైపున గోడ ఉందట.

మూడు వారాలు పొదిగింది. చనిపోతోందనుకుని నేను బల్లలు గుద్దుతున్న మూడు వారాలూ.

మరి నాతో ఎందుకు చెప్పలేదన్నాను.

"మొలవకపోతే ఆదివారం పంతొమ్మిది మంది ముందు దాని మీద గంట ప్రార్థన చేస్తావని."

మొలవవేమోనని ఆమెకూ భయమేనని, మొలవకపోతే గోడవైపు అలాగే ఉండిపోదామనుకున్నానని తర్వాత చిన్నగా చెప్పింది. మొలిచాక కూడా ఎందుకు లేవలేదంటే, నాటడానికి నేల ఎక్కడుంది, వంగలేను కదా అంది. తెర సందులోంచి మళ్లు చూసిందట. పూర్తయ్యాక పిలుస్తావేమోనని ఎదురుచూసిందట. నేను పిలవలేదు. మొలక వచ్చాక అద్భుతంలా చూపిద్దామనుకున్నాను.

గోడ అవతల నుంచి కుల్పాష్ అపా గొంతు. ఇద్దరిలో ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు నవ్వుతున్నారో చెప్పమంది. చూపించమని రోజా ఆమెతో అంది. అపా తన వరండా తలుపు బార్లా తెరిచింది. అద్దాల వెనక, కోసిన పాల డబ్బాల్లో, పచ్చగా, నాలుగేసి ఆకులతో మిరప మొక్కలు. నౌరిజ్ నాడు శాలువా కింద పోయిన గిన్నెలోని మొలకలు ఇవే.

ముప్పై ఆరు, అంది అపా. అయిదు మొలవలేదు, వాటికి నువ్వు ప్రార్థన చేసుకో అంది.

మిగిలిన ఇటుక మీద కూర్చుండిపోయాను. నమ్మనందుకు యాజకుడికి నోరు పడిపోయిన కథ నాకు కంఠతా వచ్చు. ఆయనకు ఎంత హాయిగా ఉండి ఉంటుందో ఎప్పుడూ ఆలోచించలేదు.

28 ఏప్రిల్, పునరుత్థాన ఆదివారం

ఆరాధన అయ్యాక అందరూ బకెట్లతో మా పెరట్లోకి వచ్చారు. ఉప్పు ఒండ్రంతా తోడి గేటు బయట రోడ్డు గుంటల్లో పోశాం. దానితో పాటు కింద ఎరువు కూడా చాలా మేరకు తీయాల్సి వచ్చింది. రెల్లు, కొమ్మలు ఉంచి మంచినీళ్లతో మూడుసార్లు కడిగాం. చిల్లుల్లోంచి నీళ్లు కారుతుంటే ఎమ్మా బామ్మ బెంచీకి ముక్కు కారుతోందని అంది. ఆ రోజు చేయెత్తింది ఈ కాలువ సంగతి చెప్పడానికేనని కూడా అంది. అందరికీ తెలుసట. నన్ను ఆపడం ఎవరికీ చేతకాలేదట.

కొత్త ఒండ్రు మూడో కాలువది. ట్రాలీ గేటు దాటాలంటే రోజాను దాటాలి. ఏదెను తోట ముందు కత్తి పట్టిన దూతలా స్టూలు మీద కూర్చుంది, పక్కన వాకర్, చేతిలో గ్లాసుడు నీళ్లు. మొదటి ట్రాలీ వెనక్కి పంపింది. డ్రైవర్ గొణిగాడు. ఏడో కాలువ ఒండ్రు తోడిన రోజు కూడా నేను చెప్పాను, మీ ఆయన చేయి ఊపాడు అని ఆమెతో ఫిర్యాదు చేశాడు. రెండో ట్రాలీ మట్టి నాలుక మీద పెట్టుకుని కాసేపు ఆగింది. పెరడంతా ఆగింది. తల ఊపింది.

నేను గంప మోశాను. ఏమీ మాట్లాడలేదు. అంతా అయ్యాక అపా వచ్చి నా నుదుటి మీద చేయి పెట్టి చూసింది.

5 మే, ఆదివారం

నాటింది. ముప్పై ఆరూ. రెండు మళ్లలో మిరప, ఎమ్మా మడిలో ముల్లంగి. ఒక్కసారి కూడా వంగలేదు. నా పనల్లా నీళ్ల చెంబు అందించడం. తప్పుగా అందించినందుకు నాలుగుసార్లు తిట్లు తిన్నాను.

19 మే, ఆదివారం

ప్రసంగం పద్దెనిమిది నిమిషాలు. ఒంట్లో బాగుందా అని ముగ్గురు అడిగారు. ఎమ్మా బామ్మ నిద్రపోవడానికి టైం చాలలేదంది.

9 జూన్

పూత.

14 జులై, ఆదివారం, ఉదయం 5

మొదటి కాయ ఎర్రబడింది. రోజా ఇంకా లేవలేదు. చిటికెడు మట్టి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు లేదు. తీపీ లేదు. మట్టిలా ఉంది. ఆమెన్.